ఆ పిల్ల తలూపితే నాకు దడ

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పాముకీ తేలుకీ కాదు, మనుషులకి భయం. నలుగురు కూర్చున్నచోట లేచి "అది కాదండీ" అనాలంటే నోరు పెగలదు, అరచేతులకి చెమటలు పడతాయి. పెళ్ళయిన కొత్త నుంచీ మా అత్తగారు నాకు గిట్టని వంకాయ కూర వారానికి మూడుసార్లు వండి వడ్డిస్తే, పద్దెనిమిదేళ్ళు నోరెత్తకుండా తిన్నదాన్ని. ఇలాంటిదాన్ని పట్టుకుని, ఒక ఏడాది పాటు తిరిగి చెవిటివాళ్ళకి సువార్త చెప్పమన్నారు బందరు సంఘంవాళ్ళు. కాదనలేకపోయాను. నాకు కాదనడం రాదని ఇప్పుడే చెప్పానుగా.

నన్నే ఎందుకడిగారంటే, మా తమ్ముడికి వినపడదు. మూడో ఏట జ్వరమొచ్చి చెవులు పోయాయి. నాకు అక్షరాలు సరిగ్గా రాకముందే వాడితో సైగలు వచ్చాయి. ఇప్పుడు గుడివాడలో వాడికి టైలరింగ్ షాపుంది. సాయంత్రమైతే చుట్టుపక్కల వినపడనివాళ్ళంతా ఆ షాపు ముందు చేరతారు. నోటి చప్పుడు ఉండదుగానీ ఆ చేతుల గోల ముందు చేపల మార్కెట్టు ఏ మూలకీ రాదు. అక్కడే ఒక ప్రార్థన కూటంలో నేను సైగలు చేస్తుంటే బందరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చూశారు. ఈ పనంతా నడిపించేది ఆవిడే. నెల తిరక్కుండా నాకు ఒక సంచీ, బొమ్మల అట్టలు, "బధిరుల పరిచర్య" అని రాసిన బ్యానరూ వచ్చాయి. బధిరులంటే ఏంటని మా వీధిలో సగంమంది అడిగారు.

మొదటి ఆదివారమే తప్పు చేశాను. బందరులో ఒక స్కూలు గది ఇచ్చారు. పదిమంది దాకా వచ్చారు. గిలకలదిండిలో వలలు బాగుచేసే ఒకాయన, పెడనలో అద్దకం పనిచేసే మొగుడూ పెళ్ళాం, ఇంకా కొందరు. "ప్రార్థన చేద్దాం" అని సైగ చేసి, నలభై ఏళ్ళ అలవాటు కదా, కళ్ళు మూసుకుని చేతులు జోడించాను. నోటితో ప్రార్థన కూడా చేశాను, అదీ భక్తిగా, సాగదీసి సాగదీసి. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి గది సగం ఖాళీ. వలలాయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. నాకు నిద్ర పట్టిందనుకున్నారట, లేపడం మర్యాద కాదని మెల్లగా వెళ్ళిపోతున్నారట.

సంగతి చెప్తే మా తమ్ముడు కుట్టు మిషను మీద పడి నవ్వాడు. ఆ తర్వాత నవ్వడం మానేసి చేతులతో అన్నాడు: "నువ్వు కళ్ళు మూసుకుంటే మేము నీకు లేనట్టే. చేతులు కూడా కట్టేసుకున్నావు. ఇంక నువ్వూ మాకు లేనట్టే." అప్పట్నుంచి మేం కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేసుకున్నాం, ఒకరి చేతులు ఒకరం చూసుకుంటూ. అలవాటు పడ్డాక బాగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి నాలో ఒక భయం దూరింది. వీళ్ళకి నేను చెప్పేది ఒకటి, వీళ్ళకి చేరేది ఇంకొకటి అయితే? అది నాకు తెలిసేదెలా?

భయాలకేం, ఆ ఏడాది కొదవ లేదు. వారంలో ఒకరోజు గుడివాడ, ఒకరోజు బందరు, ఒకరోజు దివిసీమ. ఒకసారి మొవ్వ దగ్గర బస్సు కోసం నిలబడితే నలుగురు మగాళ్ళు చుట్టూ చేరి "ఏంటమ్మా ఆ బొమ్మలు? ఎవరిని మతంలో కలపడానికి బయల్దేరారు?" అని అడిగారు. గట్టిగా కూడా అడగలేదు పాపం. అయినా బొమ్మలు సంచీలోకి దోపేసి, ట్యూషన్ టీచర్నని అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చి ఏడ్చాను. యేసు ఎవరో తెలియదని పేతురు మూడుసార్లు అబద్ధమాడితే కోడి కూసింది, నాకు ఆర్టీసీ బస్సు హారన్ కొట్టింది.

అసలు భయం మాత్రం దివిసీమలో మొదలైంది. నాగాయలంక దాటాక నది పక్క కరకట్ట మీద ఆటోలో కొంచెం వెళ్తే ఒక ఊరుంది. చిన్న చర్చి, డెబ్బై దాటిన పాస్టరుగారు. మోకాళ్ళ నొప్పులతో మోపెడ్ మీద తిరిగే ఆయన్ని ఊరంతా అయ్యగారంటారు. ఆ ఊళ్ళో రొయ్యల చెరువుకి కాపలా ఉండే ఒకతని చెల్లెలికి పుట్టుకతోనే వినపడదు. ముప్ఫై దాటిన మనిషే అయినా ఇంట్లో అందరికీ "పిల్ల"నే. బడి మొహం చూడలేదు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. నాకు తెలిసిన సైగలు ఆమెకి తెలియవు, ఆమె సైగలు నాకు తెలియవు. అవి ఆ ఇంట్లో పుట్టినవి.

"చాలా మంచి పిల్లండీ సిస్టరుగారూ. మీరు ఏం చెప్పినా తలూపుద్ది. ఎదురనేది ఎరగదు," అన్నాడు వాళ్ళన్న మొదటిరోజే.

నిజమే. నేను బొమ్మల అట్టలు తీస్తే ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేది. యేసు పుట్టిన పశువుల పాక చూపిస్తే తలూపింది. సిలువ చూపిస్తే తలూపింది. సమాధి చూపిస్తే కూడా అదే నవ్వు, అదే తలూపు. ఆ పిల్ల వదిన టీ తెచ్చి "చూడండి, ఎంత బాగా అర్థం చేసుకుంటుందో" అని మురిసిపోయేది. అయిదు నెలలయ్యాక అన్న అడిగాడు. "మా ఇంట్లో అందరం బాప్తిస్మం తీసుకున్నామండి. ఇదొక్కతే మిగిలిపోయింది. మీ ఏడాది పని అయిపోయేలోగా అదికూడా అయితే మాకు నిశ్చింత." అయ్యగారు ఆ పిల్ల వైపు చూసి, నీళ్ళు, మునగడం అన్నట్టు చేత్తో చూపించి, సరేనా అని కనుబొమ్మలు ఎగరేశారు. ఆమె తలూపింది. మే నెల అనుకున్నారు. బందరు పెద్దావిడ ఫోనులో "దేవునికి స్తోత్రం" అని మూడుసార్లన్నారు.

ఆ తర్వాతి వారం నా అట్టలు తారుమారయ్యాయి. నేను చూసుకోకుండా సమాధి ముందు పెట్టాను, పశువుల పాక చివర పెట్టాను. అంటే యేసు చనిపోయి, సమాధిలో నుంచి లేచి, అప్పుడు పుట్టాడన్నమాట. సగంలో గమనించి నాలుక కరుచుకున్నాను. ఆ పిల్ల మాత్రం వరసగా అన్నిటికీ తలూపింది. అరుగు పక్కన గేదె కట్టేసి ఉంది. దాన్ని చూపించి, నెత్తిమీద రెండు వేళ్ళు కొమ్ములు పెట్టి, ఆమెను చూపించి, కనుబొమ్మలెగరేసి అడిగాను. నువ్వు గేదెవా?

తలూపింది. చక్కగా నవ్వుతూ తలూపింది.

ఓరి దేవుడో! నాకు అరుగు మీద కూర్చున్నచోటే చెమటలు పట్టాయి. లోపల వదిన టీ గ్లాసులు కడుగుతోంది. అన్న చెరువు దగ్గరున్నాడు. ఈ సంగతి భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. ఇన్ని నెలలూ నేను ఎవరికి చెప్పాను, ఏం చెప్పాను? ఈ తలూపుని నమ్మి రేపు నదిలోకి దింపుతారే, ఆమెకి అదేంటో తెలియకుండా ముంచుతారే, దానికి దుబాసీని నేనేగా! అలా నీళ్ళలోకి వెళ్ళే మనిషి మనసులో ఏముంటుందో తలుచుకుంటే ఆ రాత్రి అన్నం సయించలేదు.

తమ్ముడికి చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. మెడలో టేపు తీసి పక్కన పెట్టి, చేతులు ఖాళీ చేసుకుని చెప్పాడు.

"అందరం తలూపుతామక్కా. మీ నోళ్ళు కదులుతుంటాయి. తలూపితే సంతోషించి వదిలేస్తారు. అడ్డంగా ఊపితే మళ్ళీ చెప్తారు, మొహాలు వికారంగా పెట్టి చెప్తారు, విసుక్కుంటారు. నేను స్కూల్లో ఎనిమిదేళ్ళు తలూపాను. అమ్మకి తలూపాను. నీకు కూడా ఊపాను."

"నాకా? ఎప్పుడు?"

"నా పెళ్ళిచూపులప్పుడు," అని మిషను వైపు తిరిగాడు. కాసేపటికి మళ్ళీ తిరిగి అన్నాడు: "ఆ పిల్లకి వద్దనడం నేర్పు. వద్దనడం వచ్చినవాళ్ళ అవును ఒక్కటే అవును."

చూశారా, నాకే రాని విద్య నేను నేర్పాలి. ఏం చెయ్యను? ఆ వారం వదిన టీ తెచ్చి అటు తిరగ్గానే సంచీలోంచి ఉప్పు పొట్లం తీసి, ఆ పిల్ల గ్లాసులో ఒక చెంచాడు కలిపాను. బాగుందా అని అడిగాను. తాగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలూపింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అరచెయ్యి బయటకి తోసి, మొహం పక్కకి తిప్పి, "వద్దు" అని చేసి చూపించాను. నా గ్లాసులో కూడా ఉప్పేసుకుని, ఒక గుక్క తాగి, ఉమ్మేసి, వద్దు అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, మళ్ళీ తన గ్లాసు తాగింది. పిచ్చితల్లి! రెండో వారం కూడా అంతే. మూడో వారం ఉప్పు టీ నోట్లో పెట్టుకుంది, నన్ను చూసింది, గ్లాసు తీసుకెళ్ళి నా కాళ్ళ దగ్గర కుమ్మరించింది. అరచెయ్యి బయటకి తోసింది. వద్దు!

నేను చప్పట్లు కొట్టాను. చీర అంచు తడిసింది కూడా చూసుకోలేదు. వదిన గుమ్మంలో నిలబడి నోరెళ్ళబెట్టింది. "ఇదేంటి సిస్టరుగారూ! దేవుడి మాటలు చెప్తారనుకుంటే మా ఆడపడుచుకి మొండితనం నేర్పుతున్నారా? నిన్న చేపల పులుసు కూడా వద్దంది తెలుసా!" అంది నవ్వుతూనే.

నా సంతోషం నెల కూడా నిలవలేదు. వద్దనడం వచ్చాక ఆమెకి అడగడం వచ్చింది. ఈలోగా ఆమె సైగలు కొన్ని నాకూ, నావి కొన్ని ఆమెకీ పట్టుబడ్డాయి. జనవరిలో కాబోలు, పరలోకం అట్ట తీశాను. ఆమె దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. అన్న చెరువు వైపు చూపించి, పైకి చూపించింది. అన్న అక్కడికి వెళ్తాడా? అవునన్నాను. వదిన? అవును. పిల్లలు? అవును. తను? నీళ్ళలో మునిగి, నమ్మితే, అవును. అప్పుడు ఉంగరపు వేలు నుదుటి మీద గట్టిగా అదిమి, అట్ట మీద పెట్టింది.

అది వాళ్ళమ్మ. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సైగ. తల్లి రూపాయి కాసంత బొట్టు పెట్టుకునేదట. అమ్మవారి గుడికి తప్ప ఎక్కడికీ వెళ్ళేది కాదట. కొడుకూ కోడలూ చర్చిలో చేరకముందే, నాలుగేళ్ళ కిందట జ్వరంతో పోయింది. ఆ ఇంటి సైగలన్నీ ఆవిడా ఈ పిల్లా కలిసి పుట్టించుకున్నవే. వాటితో తెల్లారి నుంచి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకునేవారట. తల్లి పోయాక ఆ పిల్లతో అంతసేపు మాట్లాడిన మనిషి లేదు. అమ్మ అక్కడుందా అని అడుగుతోంది. అంతే.

నేను చదువుకున్నదీ, నాకు చెప్పి పంపిందీ ఒకటే. దాని ప్రకారం జవాబు నాకు తెలుసు: నమ్మకుండా పోయినవాళ్ళు అక్కడ ఉండరు. ఆ జవాబు ఆ మొహం చూస్తూ నా చేతులతో చెయ్యాలి. నోటితో అయితే ఏదో గొణిగి తప్పించుకోవచ్చు. సైగల్లో గొణగడం కుదరదు. కళ్ళల్లోకి చూస్తూ చెప్పాలి. నేను ఆటో వచ్చిందని చూపించి లేచాను. ఆటో రాలేదు. కరకట్ట మీద ఎర్రటి ఎండలో అరగంట నిలబడ్డాను.

వారం వారం అడిగింది. నేను వారం వారం తప్పించుకున్నాను. నోవహు ఓడ చెప్పాను, రొట్టెలూ చేపలూ చెప్పాను. ఆమె పరలోకం అట్ట బయటకి తీసేది. అందులో తెల్లబట్టలు వేసుకున్న జనం చిన్నచిన్నగా ఉంటారు. ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టి నుదురు చూసేది. ఏ నుదుటా బొట్టు లేదు. చివరిదాకా చూసి అట్ట నాకిచ్చేది. ఆ వేలు ఒక్కో మొహం దాటుతుంటే నాకు గుండెల్లో రాళ్ళు పడేవి. దివిసీమ బస్సెక్కే రోజు పొద్దున్న విరేచనాలు పట్టుకునేవి, సిగ్గు విడిచి చెప్తున్నాను.

ఇన్నాళ్ళూ ఆమెకి ఏమీ అర్థం కావట్లేదని భయపడ్డాను. ఇప్పుడు అంతా అర్థమైపోయిందని భయం.

బందరు పెద్దావిడకి ఫోన్ చేసి చెప్పాను. "అలాంటి ప్రశ్నల దగ్గర ఆగిపోకూడదమ్మా. అది ప్రభువుకే తెలుసని చెప్పి ముందుకెళ్ళండి," అన్నారు. చెడ్డావిడ కాదు, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు పరిగెత్తేది ఆవిడే. ఇంకో మాట కూడా అన్నారు: "ఆ బొట్టు సైగ మార్పించండి. సంఘంలో చూడ్డానికి బాగోదు." నేను కాదనలేదు. కాదంటానా! ముక్కుపుడక దగ్గర వేలు పెడితే అమ్మ అని మేమందరం చేసే సైగ చూపించాను. ఆమె అది నేర్చుకుంది. వదిన ముక్కు చూపించి, పిల్లల అమ్మ అంది. నా ముక్కు చూపించి, నా పిల్లల అమ్మ అంది. తర్వాత నుదుటి మీద వేలు అదిమి, గుండె మీద కొట్టుకుంది. తన అమ్మ ఇది. ఇంక నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తమ్ముడు అడిగాడు: "ఇంతకీ నువ్వేమనుకుంటున్నావ్? ఆవిడ అక్కడ ఉంటుందా?"

"నాకు తెలీదురా."

"అదే చెప్పు."

"తెలియదని చెప్పడానికా నన్ను పంపింది?" అన్నాను కోపంగా. వాడు భుజాలెగరేసి కత్తెర తీసుకున్నాడు.

మే నెల దగ్గరపడుతుంటే అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ధైర్యం చేసి అంతా చెప్పేద్దామనే వెళ్ళాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు. "అయ్యగారూ, బాప్తిస్మంలో మీరు మునిగేవాళ్ళ చేతులు రెండూ కలిపి గుండె మీద పట్టుకుంటారు కదండీ. ఆ అమ్మాయి మాట చేతుల్లో ఉందండీ. పట్టుకుంటే నోరు మూసినట్టే. ప్రశ్నలన్నీ అయ్యేదాకా పట్టుకోకండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళలో నాకీ మాట తట్టలేదమ్మా. మంచిది, అలాగే," అన్నారు. ఇంకేమైనా ఉందా అన్నట్టు చూశారు కూడా. నేను వందనాలండీ అని చెప్పి వచ్చేశాను. దారిపొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. నాగాయలంక రేవు పక్కన, కొంచెం ఎగువకి, నీళ్ళు నెమ్మదిగా ఉండేచోటు. బందరు నుంచి వ్యాన్‌లో జనం వచ్చారు. పెద్దావిడ ముందు వరసలో, చేతిలో ఫోన్, వీడియో తీస్తున్నారు. గట్టు మీద డప్పు, పాటలు. ముందు ఇద్దరికి బాప్తిస్మం ఇచ్చారు. తర్వాత ఆ పిల్ల తెల్లచీర కట్టుకుని దిగింది. నడుం లోతు నీళ్ళలో అయ్యగారు, ఎదురుగా ఆమె, పక్కన నేను. అన్నా వదినా గట్టు మీద ఆమె వీపు వెనక ఉన్నారు. ఆమె చేతులు ఏమంటున్నాయో చూడగలిగింది మేమిద్దరమే, అర్థమయ్యేది నాకొక్కదానికే.

యేసుని నమ్ముతున్నావా అని అడిగారు. నేను సైగ చేశాను. ఆమె తలూపలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని పైకెత్తింది. నమ్ముతున్నానందండీ, అన్నాను గట్టిగా. గట్టు మీద స్తోత్రాలు. ఆయన మాట ప్రకారం నడుచుకుంటావా? నడుస్తానంది. మూడోది, పరలోకంలో ఎప్పటికీ ఆయనతో ఉండాలని కోరుకుంటున్నావా?

నేను సైగ చేయడం పూర్తి కాలేదు. ఆమె నుదుటి మీద వేలు అదిమింది. పైకి చూపించింది. కనుబొమ్మలు ఎగరేసి నా కళ్ళల్లోకి చూసింది. అక్కడ అమ్మ?

"ఏమంటోందమ్మా?" అన్నారు అయ్యగారు.

డప్పు ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు. పెద్దావిడ ఫోన్ కూడా నా వైపు తిరిగింది. ఒక్క మాట చాలు, అయిపోతుంది, ఎవరికీ తెలియదు, అందరూ సంతోషంగా భోజనాలకి వెళ్తారు. నా నోరు దానంతటదే అంది.

"కోరుకుంటున్నానందండీ."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

గట్టంతా ఒక్కసారి పాటందుకుంది. అయ్యగారు ముందుకు వంగి ఆమె రెండు చేతులూ పట్టుకోబోయారు. ఆమెకి పాట వినపడదు, నా మాట వినపడదు. తన ప్రశ్నకి జవాబు రాకుండానే చేతులు పోతున్నాయని మాత్రం చూసింది. చేతులు వెనక్కి లాక్కుని నా వైపు తిరిగింది. ఆ మొహం ఇప్పటికీ నాకు కళ్ళముందే ఉంటుంది. కోపం కాదు, నేను కూడా అందరిలాంటిదాన్నే అని తెలిసిపోయిన మొహం. అయ్యగారి వైపు తిరిగి, అరచెయ్యి బయటకి తోసి, మొహం పక్కకి తిప్పింది. వద్దు! ఈసారి దుబాసీ అవసరం ఎవరికీ లేకపోయింది. పాట ఒక్కొక్క గొంతుగా ఆగిపోయింది.

"ఏమే, పిచ్చిగానీ పట్టిందా? నీ కోసం ఇంతమంది వచ్చారే!" అని అన్న గట్టు మీంచి అరిచాడు. అరిస్తే వినపడుతుందా, పాపం.

అయ్యగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. నా వైపు చూశారు. "నిజం చెప్పమ్మా. ఏమడిగింది?"

"వాళ్ళమ్మ అక్కడ ఉంటుందా అని అడిగిందండీ," అన్నాను. "జనవరి నుంచి అడుగుతోందండీ. నేను చెప్పకుండా తప్పించుకున్నాను. ఇందాక కోరుకుంటున్నానందని చెప్పింది అబద్ధమండీ. తన అమ్మ లేనిచోటు తనకి వద్దంటోందండీ."

అన్న ఇసుకలో చతికిలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగేళ్ళలో ఆ మాట అతనూ ఎవరినీ అడిగి ఉండడు. పెద్దావిడ ఫోన్ దించి, "వాక్యంలో ఏముందో చెప్పండి అయ్యగారూ, వాక్యం చెప్పండి," అన్నారు.

అయ్యగారు నీళ్ళకేసి చూశారు. ఆ కొద్దిసేపట్లో నేను భయపడినంతగా జన్మలో ఎప్పుడూ భయపడలేదు. ఆయన ఏం చెప్పినా అది నా చేతులే చెప్పాలి.

"నాకు తెలీదని చెప్పమ్మా," అన్నారు.

చెప్పాను. చెయ్యి తిప్పి, తల అడ్డంగా ఊపి, అయ్యగారికి తెలియదు. మొదటిసారి సరిగ్గా కుదరలేదు, మళ్ళీ చేశాను. ఆమె నన్ను నమ్మలేదు. నమ్మడానికి నేను మిగిల్చిందేముంది! నా చేతులు చూడడం మానేసి ఆయన మొహాన్నే చూస్తోంది.

అప్పుడు ఆయన తడిచెయ్యి పైకెత్తి, తన ఉంగరపు వేలు తన నుదుటి మీద అదిమారు. ఇంతమంది ముందు, యాభై ఏళ్ళుగా ఆ బొట్లు చెరిపించిన మనిషి. ఆ వేలు తీసి తన గుండె మీద పెట్టుకున్నారు. "మా అమ్మది కూడా అంతే తల్లీ," అన్నారు, ఆమెకి వినపడదని మర్చిపోయి. "నేను ఈ దారి పట్టానని ఏడ్చి ఏడ్చి పోయింది. ఎక్కడుందో నాకు తెలీదు."

ఆ మాట నేను సైగల్లో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె ఆయన నుదుటికేసి, తర్వాత ఆయన కళ్ళకేసి చూసింది. రెండడుగులు వేసి ఆయన మోచెయ్యి పట్టుకుంది. అక్కడి మెట్లు నాచు పట్టి జారుతున్నాయి, ఆయనకా మోకాళ్ళు లేవవు. మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఆయన కాలు కుదిరిందాకా చూసుకుంటూ, జాగ్రత్తగా గట్టు మీదికి తీసుకెళ్ళింది. ఆ రోజు ఆమెకి బాప్తిస్మం జరగలేదు. నేను నీళ్ళలోనే నిలబడి ఉన్నాను, ఆమె నా వైపు తిరిగి చూడలేదు.